వేపచెట్టు ఎండితే పాపం ఎవరిది?

గండి వీరాంజనేయస్వామి క్షేత్రం మీద మనం చేసిన వీడియో చివర్లో ఒక షాట్ ఉంది, చూసే ఉంటారు. చక్రాయపేటలో మా ఇంటి పెరట్లో తీసినది. అందులో ఒక వేపచెట్టు తూర్పు వైపు పచ్చగా, పడమటి వైపు కోసేసిన మొండిగా కనిపిస్తుంది. ఆ చెట్టు గురించి వీడియోలో చెప్పడానికి కుదరలేదు. నిజం చెప్పాలంటే ధైర్యం చాలలేదు. ఇక్కడ రాస్తున్నాను.

ఆ చెట్టు మా తాత నాటింది. నాకు చిన్నప్పుడు అమ్మవారు పోస్తే ఈ చెట్టు ఆకులే పక్కలో పరిచినారు. ప్రతి శుక్రవారం అవ్వ దానికి పసుపు, కుంకుమ పెట్టి చెంబుడు నీళ్ళు పోసేది. మా ఇంట్లో ఎవరూ దాన్ని ఉత్త చెట్టు అనుకోలేదు.

2021 వానాకాలం చివర్లో అది ఎండడం మొదలుపెట్టింది. వేప ఏడాది పొడుగునా పచ్చగా ఉండే చెట్టు. మాఘ, ఫాల్గుణాల్లో పాత ఆకు రాలుస్తుంది కానీ, ఆ వెంటనే ఎర్రటి లేత చిగురు వేస్తుంది. వానలు పడే కాలంలో, నేల తడిగా ఉన్నప్పుడు వేప ఎండడం మా నాయన కూడా ఎప్పుడూ చూడలేదంట. మొదట కొమ్మల కొసలు మాడినాయి. ఆకు రాలకుండా గోధుమరంగులో అట్లే వేలాడింది. మూడు వారాలు తిరిగేలోపు చెట్టు మొత్తం ఎవరో మంట చూపించినట్టు అయిపోయింది.

"ఏమైండాదిరా దీనికి? అమ్మ అలిగిండాది. మనం ఏం లోటు చేసినామో" అనింది అవ్వ.

ఆ మాట అంతటితో ఆగుంటే బాగుండేది. ఆగలేదు. ఆ ఏడాదే మా అన్నకు పెళ్ళయింది. వదినది ప్రొద్దుటూరు. ఆమె మా ఇంటికొచ్చిన నాలుగు నెలలకు చెట్టు ఎండింది. ఇక ఊర్లో నోళ్ళకు ఇంకేం కావాల? మైలలో ముట్టుకుందేమో అని ఒకరు, కొత్తకోడలి పాదం అట్లాంటిదని ఇంకొకరు. అవ్వ ఎప్పుడూ నోరు తెరిచి వదినను ఏమీ అనలేదు. కానీ శుక్రవారం నీళ్ళు పోయడానికి వదిన చెంబు తీసుకోబోతే "నువ్వుండు పాపా, నేను పోస్తాలే" అనేది. ప్రతి వారం అదే మాట. తిట్టినా అంత నొప్పి ఉండదేమో.

నేను అప్పుడు ఇంటి నుంచే పని చేస్తున్నాను. సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ని. ఏదైనా పాడైతే కారణం వెతకడమే మా ఉద్యోగంలో సగం. వదిన మీద పడుతున్న మాటలు వినలేక, ఈ చెట్టు సంగతి తేల్చాలని పట్టుబట్టినాను. మొదట గోటితో కొమ్మ బెరడు గీరి చూసినాను. కొసల దగ్గర లోపల గోధుమరంగు, ఎండు. కొంచెం కిందికొచ్చి గీరితే ఆకుపచ్చగా, తడిగా ఉంది. అంటే చావు పైనుంచి కిందికి దిగుతోంది, ఇంకా మానులోకి రాలేదు. తర్వాత బైకు మీద వేంపల్లె దాకా పోయొచ్చినాను. దారిలో రోడ్డు పక్క వేపచెట్లు వరసగా మాడిపోయి ఉన్నాయి. మాది ఒక్కటే కాదు! రైతు భరోసా కేంద్రంలో అడిగితే, ఇది మన జిల్లాది కూడా కాదు, తెలంగాణలో ముందే మొదలయిందని చెప్పినారు. పేపర్లలో వచ్చింది, జనం "వేపకు కరోనా" అని పేరు కూడా పెట్టేసినారు.

ఆ రోగం పేరు డైబ్యాక్. కొసల నుంచి వెనక్కు ఎండుకుంటూ వస్తుంది కాబట్టి ఆ పేరు. ఫోమాప్సిస్ అజాడిరాక్టే అనే శిలీంధ్రం, అంటే బూజు జాతి జీవి, దీనికి ముఖ్య కారణమని శాస్త్రవేత్తలు తేల్చినారు. కొత్తది కూడా కాదు, మన దేశంలోనే 1997లో దానికి ఆ పేరు పెట్టినారు. దానికి తోడు తేయాకు దోమ అనే పురుగు లేత కొమ్మల రసం పీల్చి గాయాలు చేస్తుంది. ఆ గాయాల్లోంచి బూజు లోపలికి పోతుంది. మబ్బు, తేమ, వాన ఉంటే గాలితో, చినుకులతో చెట్టు నుంచి చెట్టుకు పాకుతుంది. ఆ ఏడాది మన జిల్లాలో వానలు ఎట్లా పడినాయో మీకు గుర్తుండే ఉంటుంది. నవంబరులో అన్నమయ్య డ్యామ్ తెగింది, కమలాపురం దగ్గర పాపాఘ్ని మీద వంతెన కూలింది. బూజుకు అంతకంటే మంచికాలం ఏముంటుంది.

ఇక్కడ ఒక విచిత్రం చెప్పాలి. వేపనూనె బూజును చంపుతుందని మన పల్లెల్లో ఎవరికి తెలియదు? ఆ తెలివికే 1994లో ఐరోపా పేటెంట్ ఆఫీసు ఒక అమెరికా కంపెనీకి, అమెరికా వ్యవసాయ శాఖకు కలిపి పేటెంట్ ఇచ్చింది. ఇది భారతదేశంలో ఎప్పటినుంచో వాడుకలో ఉన్నదేనని పోరాడితే 2000లో రద్దు చేసినారు, 2005లో అప్పీలు కూడా కొట్టేసినారు. బూజుకు మందిచ్చే చెట్టు అని అంత కొట్లాట జరిగిన చెట్టు చివరికి బూజుకే పడిపోయింది. అవ్వకు ఈ సంగతి చెబితే "ఊరందరికీ వైద్యం చేసే ఆచారికి జ్వరం రాదా ఏంది?" అనేసింది.

ఇంట్లో అందర్నీ కూర్చోబెట్టి ఫోన్లో ఫోటోలు చూపించి చెప్పినాను. ఇది రోగం. ఎవరి పాదం వల్లా రాలేదు, ఎవరి మైల వల్లా రాలేదు. ఎండిన కొమ్మలు కోసి కాల్చేయాలి, మందు కొట్టాలి, చెట్టు తిరిగి చిగురు వేస్తుంది. నాయన సరేనన్నాడు. కార్బెండజిమ్ తెచ్చి కొట్టినాము. అవ్వ మాట్లాడలేదు కానీ వీధిలో ఎవరో అడిగితే "రోగమంటనే, జిల్లా అంతా ఉండాదంట" అని చెప్పడం విన్నాను. ఆ రాత్రి వదిన నాకు ఒక దోసె ఎక్కువ వేసింది. ఆ రోజు నేనొక మంచిపని చేసినానని నిద్రపోయినాను.

2022 ఏప్రిల్ 2, శుభకృతు ఉగాది. రోడ్డు పక్క చెట్లన్నీ చిగురించినాయి. పక్కింటి చెట్టు మా దానికంటే ఘోరంగా మాడింది, అది కూడా పూత పూసింది. మాది తూర్పు వైపు చిగురించింది. పడమటి వైపు ఒక్క ఆకు లేదు. గోటితో గీరితే పెద్దకొమ్మ మొదట్లో కూడా గోధుమరంగే.

డైబ్యాక్ ఒక చెట్టుకు సగానికే గీత గీసినట్టు ఆగదు. గాలిలో వచ్చే రోగం చుట్టూ తగులుతుంది, చుట్టూ కోలుకుంటుంది. ఒక వైపు మాత్రమే తిరిగి లేవలేకపోతే ఆ వైపు కింద చూడాలి, వేర్ల దగ్గర. నేను చూడలేదు. చూడాల్సిన పని లేదు, ఆ వైపు కింద ఏముందో నాకు తెలుసు కాబట్టి.

2020 జూన్‌లో, లాక్‌డౌన్‌లో ఇంటికొచ్చినప్పుడు, నా మొదటి బోనసు డబ్బుతో పెరడంతా సిమెంటు గచ్చు చేయించినాను. పడమటి వైపు కారు పెట్టేదానికి. చెట్టు చుట్టూ కట్ట కట్టించి, మోకాలెత్తు మట్టి పోయించి, పైన కడప బండలు పరిపించినాను. చూడ్డానికి గుడి దగ్గర కట్ట మాదిరి ఉందని అందరూ మెచ్చుకున్నారు. గచ్చు వేసేముందు సంపు పైపు కోసం పడమటి వైపు కాలువ తీసినారు. నేను లోపల మీటింగులో ఉన్నాను. మేస్త్రీ కిటికీ దగ్గరికొచ్చి, "సార్, చేయి లావు వేరు అడ్డం వచ్చింది. కొట్టాల్నా, పైపును పక్కకు తిప్పాల్నా?" అని అడిగినాడు. తిప్పితే ఇంకో రోజు కూలి. నేను హెడ్‌ఫోన్ తీయకుండానే కొట్టేయమని చెయ్యి ఊపినాను.

అంతే. రెండు సెకన్ల పని.

చెట్టు వేర్లకు నీళ్ళే కాదు, గాలి కూడా కావాలి. తిండి తెచ్చే సన్నవేర్లు చాలావరకు నేల పైభాగంలోనే, కొమ్మల నీడ పడినంత మేర, ఆ పైన కూడా పరుచుకుని ఉంటాయి. వాటిమీద సిమెంటు పోస్తే మూత పెట్టినట్టే. వానంతా గచ్చు మీద జారి వీధిలోకి పోతుంది. మాను మొదట్లో మట్టి ఎత్తుగా పోస్తే బెరడు ఊపిరాడక కుళ్ళుతుంది. ఇవన్నీ వెంటనే కనిపించవు, చెట్టు లోపల దాచుకున్న శక్తితో ఒకటి రెండేళ్ళు నెట్టుకొస్తుంది. ఆ తర్వాత ఏదైనా రోగం వస్తే తిరిగి లేవలేదు. పక్కింటి చెట్టు లేచింది, మాది సగమే లేచింది. తేడా బూజులో లేదు.

గండిలో ఒక స్థలపురాణం చెబుతారు. రాములవారు బాణం కొసతో రాతిమీద ఆంజనేయుణ్ణి గీసి, చిటికెన వేలు ఒక్కటి గీయకుండా వదిలేసినారని, తర్వాత కాలంలో ఆ వేలు కూడా చెక్కి పూర్తి చేయాలని ఉలి పెడితే రక్తం కారిందని. ఆ వీడియో ఎడిట్ చేస్తూ ఈ భాగం దగ్గర చాలాసేపు ఆగిపోయినాను. ఆ రోజు ఆ వేరు నుంచి రక్తం కారి ఉంటే నేను కూడా ఆపించేవాణ్ణి. చెట్టు రక్తం కార్చదు. రెండేళ్ళ తర్వాత ఆకు వేయడం మానేస్తుంది. అప్పటికి మేస్త్రీ ఉండడు, మీటింగు ఏమిటో గుర్తుండదు.

ఇది తెలిసినాక నేను చేసింది ఏమిటంటే, ఏమీ చెప్పలేదు. "రోగం కదా, కొన్ని కొమ్మలు పోతాయి" అన్నాను. అది అబద్ధం కాదు. రోగం వచ్చింది నిజం. నేను కనిపెట్టిన ఆ నిజమే నాకు గొడుగు అయింది. వదినను కాపాడటానికి తెచ్చిన గొడుగు కింద నేను కూడా దూరినాను. కానీ ఆ గొడుగు ఇద్దరికి చాలలేదు. ఊర్లో అన్ని చెట్లూ చిగురించి మాది సగమే చిగురించేసరికి పాత మాట మళ్ళీ లేచింది. రోగమైతే అందరివీ బాగుపడినాయి కదా, వీళ్ళదే ఎందుకు బాగుపడలేదు? అడిగింది సరైన ప్రశ్నే. జవాబు మాత్రం మళ్ళీ వదిన దగ్గరికి పోయింది. శుక్రవారం చెంబు మళ్ళీ అవ్వ చేతికి పోయింది. నేను చూస్తూ ఊరకుండినాను. దాదాపు ఏడాది.

ఆ ఏడాదిలో నాకు నేను చాలా సర్దిచెప్పుకున్నాను. గీత పద్దెనిమిదో అధ్యాయంలో ఒక పని జరగడానికి ఐదు కారణాలు చెబుతారు: అధిష్ఠానం, కర్త, కరణాలు, రకరకాల చేష్టలు, ఐదోది దైవం. నాకు ఇది మొదట చాలా ఊరటగా అనిపించింది. నేల ఉంది, మేస్త్రీ గడ్డపార ఉంది, వానలు ఉన్నాయి, బూజు ఉంది, అన్నిటికీ పైన దైవం ఉంది. ఇందులో నా వాటా ఎంత? ఆ వెంటనే వచ్చే మాటలో, తానొక్కడే కర్త అనుకునేవాడు సరిగ్గా చూడటం లేదని కూడా ఉంది. చూసినావా, నేను కర్తను కానంటున్నాడు అనుకున్నాను.

కానీ అక్కడ అన్నది "ఒక్కడే" అని. ఐదింటిలో కర్త అనే రెండోదాన్ని ఎవరూ కొట్టేయలేదు. మనం ఏం చేస్తామంటే, మంచి జరిగితే రెండోదాన్ని పట్టుకుంటాం, చెడు జరిగితే ఐదోదాన్ని పట్టుకుంటాం. ప్రమోషన్ వస్తే నా కష్టం, చెట్టు ఎండితే దైవం. అవ్వ తరం దైవం అంటుంది, నా తరం ఫంగస్ అంటుంది. మాట మారింది కానీ దాక్కునే చోటు అదే. నిజానికి అవ్వ ప్రశ్నే నా ప్రశ్నకంటే మేలైనది. నేను "ఏ రోగం?" అని అడిగినాను. అవ్వ "మనం ఏం లోటు చేసినాము?" అని అడిగింది. లోటు చేసినాము. అవ్వ వెతికిన చోటే తప్పు.

మా ఆఫీసులో సర్వర్ పడిపోయినాక అందరం కూర్చుని కారణాలు రాస్తాం. అందులో ఎవరి పేరూ రాయకూడదు, ఎవరినీ నిందించకూడదు, తప్పు ఎట్లా జరిగే వీలుందో అదే చూడాలి అనేది నియమం. చాలా మంచి నియమమని నేను ఇప్పటికీ నమ్ముతాను. కానీ అది నడిచేది ఎప్పుడంటే, ఆ బటన్ నొక్కినవాడు ముందుగా లేచి "నేను నొక్కినాను, అప్పుడు స్క్రీన్ మీద ఇది కనబడింది" అని చెప్పినప్పుడు. అతను చెప్పినాక మిగతావాళ్ళు పేరు తీసేస్తారు. అతను చెప్పకముందే పేరు తీసేస్తే, ఖాళీగా ఉన్న ఆ చోటులోకి నోరులేనివాళ్ళ పేరు వచ్చి కూర్చుంటుంది. మా ఇంట్లో జరిగింది అదే.

2023 మార్చి 22, శోభకృతు ఉగాది పొద్దున పచ్చడికి పువ్వు కోయడానికి నిచ్చెన వేసినాను. వదిన కింద గిన్నె పట్టుకుని ఉంది, చెట్టుకు నాలుగడుగుల దూరంలో, కట్ట బండ కూడా కాలికి తగలకుండా. ఎవరూ దూరం ఉండమని చెప్పలేదు. అలవాటైపోయింది. నేను నిచ్చెన మీద నుంచే చెప్పేసినాను. వేరు కొట్టించింది నేను, గచ్చు పోయించింది నేను, పడమటి వైపు చచ్చిపోయింది దానివల్ల అని. నిచ్చెన మీద ఎందుకు చెప్పినానంటే, కిందికి దిగితే మళ్ళీ చెప్పలేనని భయం.

అవ్వ చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "గచ్చు పోసేటప్పుడు నేనూ చూస్తానే ఉండాను కదరా. కాళ్ళకు బురద అంటదు, బాగుండాదని నేనే అంటిని" అనింది. నాయన, "నీళ్ళు నిలవకుండా వీధిలోకి పోతాంటే భలే ఉందే అనుకున్నా" అన్నాడు. అందరూ తలా కొంచెం తీసుకున్నారు. నాకు ఏడుపొచ్చింది.

వదిన తీసుకోలేదు, తీసుకోవాల్సిన అవసరమూ లేదు. "నీకు ఎప్పుడు తెలిసింది?" అని మాత్రం అడిగింది. పోయిన ఉగాదికి అన్నాను. "ఏడాది" అనింది, గిన్నె కట్టమీద పెట్టేసి లోపలికి పోయింది. నాతో వారం రోజులు మాట్లాడలేదు. అది న్యాయమే.

ఆ ఏప్రిల్‌లో గచ్చు పగలగొట్టించినాము. నేను కూడా గడ్డపార పట్టినాను, రెండు చేతులూ బొబ్బలెక్కినాయి. కింద మట్టి రాయి మాదిరి ఉంది. ఒక్క సన్నవేరు బతికి లేదు. కట్ట బండలు తీసి, మాను మొదలు విచ్చుకునే చోటు కనిపించేదాకా పోసిన మట్టి ఎత్తేసినాము. అక్కడ బెరడు మెత్తబడి ఉంది. పశువుల ఎరువు కలిపి నేల గుల్ల చేసి, ఎండుటాకు పరిచి, డ్రిప్పు పైపుతో నిదానంగా తడి పెట్టినాము. చచ్చిన పెద్దకొమ్మ కోయించేటప్పుడు నాయన ఇంట్లో లేకుండా పొలానికి పోయినాడు. ఊర్లో గుళ్ళ దగ్గర, రచ్చబండల దగ్గర భక్తితోనే చెట్ల చుట్టూ మాను గొంతుదాకా సిమెంటు కట్టేస్తున్నారు. ఈ విషయం మీద వేరే వీడియో చేయాలి.

ఇప్పుడు కూడా ఎవరైనా అడిగితే, నేను ఆ వేరు కొట్టించకుండా ఉంటే కొమ్మ కచ్చితంగా బతికేదా అంటే, ప్రమాణం చేసి చెప్పలేను. బూజు కూడా నిజమే కదా. ఆ సందేహాన్నే నేను ఏడాదిపాటు తిన్నాను. నూటికి నూరు నేనేనని తేలేదాకా నోరు విప్పనంటే, ఈ లోకంలో ఎవరూ ఎప్పుడూ నోరు విప్పాల్సిన పని ఉండదు.

మేము గండికి పోయినప్పుడల్లా పాపాఘ్నిలో కాళ్ళు కడుక్కుంటాం. పేరులోనే ఉంది, పాపాన్ని పోగొట్టేదని. ఆ శ్రావణంలో పోయినప్పుడు నేను నీళ్ళలో దిగి నిలబడినాను కానీ ఏం అడగాలో తెలియలేదు. ఏటిలో కడుక్కునే పాపం వేరు, వదిన దగ్గర ఉన్న బాకీ వేరు.

అవ్వ వదినకు క్షమాపణ చెప్పలేదు. మా ఇళ్ళలో పెద్దవాళ్ళు చెప్పరు. గచ్చు తీసేసిన తర్వాతి శుక్రవారం పసుపు, కుంకుమ పళ్ళెం తెచ్చి వదిన ముందు అరుగు మీద పెట్టి, "మోకాళ్ళు నొప్పి, నా చేత కావడంల్యా పాపా" అనింది. వదిన ఆ రోజు తీసుకోలేదు, పప్పు పొయ్యిమీద ఉందని చెప్పి వంటింట్లోకి పోయింది. ఆ తర్వాతి వారం కూడా అంతే. అవ్వ ప్రతి శుక్రవారం పళ్ళెం తెచ్చి అక్కడే పెట్టి, తానే నీళ్ళు పోసి వచ్చేది. ఎన్నో వారమో గుర్తులేదు, ఆషాఢంలో అనుకుంటా, నేను కాల్‌లో ఉండి కిటికీలోంచి చూస్తే వదిన చెంబుతో పడమటి వైపు, ఆ కొట్టేసిన వేరు ఉన్న చోట, నిదానంగా నీళ్ళు పోస్తోంది. నేను హెడ్‌ఫోన్ తీసి పక్కన పెట్టినాను.

పడమటి మొండి పక్కన పోయినేడు బొటనవేలంత చిగురు ఒకటి వచ్చింది. ఇంకా ఉంది. కారు వీధిలో పెడుతున్నాము, పెరడంతా బురదే. మీ ఇంట్లో, గుడిలో చెట్టు ఏదైనా ఒక పక్కే ఎండుతుంటే, ముందు కొమ్మను గోటితో గీరి చూడండి, తర్వాత ఆ పక్క నేల చూడండి.